గాలం వేసే చెయ్యి

నాచారం,
9 జూన్ 2025

హిమజా,

ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఆటో ఎక్కితే ఫ్లాస్కులో టీ చల్లారకముందే చేరే దూరం. కానీ పక్షవాతం వచ్చినప్పటి నుంచి మహిపాల్‌కు అక్షరాలు కుదురుగా కనబడటం లేదని, మెసేజ్‌లు పైకి చదివేలా నీ ఫోన్‌ను మార్చి వాడి చేతికిచ్చావు. నేను ఏం రాసినా ఆ యంత్రపు ఆడగొంతు ఇల్లంతా చాటింపు వేస్తుంది. నా తమ్ముడి చెవిన పడేలా నీతో పోట్లాడటం నాకిష్టం లేదు. వాడికి ఎక్సర్‌సైజులు చేయించే తారామణి మా వీధి చివరే ఉంటుంది కనుక ఆమె చేతికిస్తున్నాను. "ఏందమ్మా, ఇంట్ల ఇన్ని ఫోన్లు పెట్టుకోని నన్ను పోస్ట్‌మ్యాన్ జేస్తున్నవ్" అంది.

నిన్న ఆదివారం టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. తలనొప్పి అన్నాను. తలనొప్పి లేదు.

తలుపు తోసేసరికి మీరిద్దరూ టీవీ ముందు ఉన్నారు. వాడు మంచం మీద, ఎడమచేతిలో ఆట రిమోట్ ఎడమ సగంతో. నువ్వు అవతల కుర్చీలో, కుడి సగంతో. తెర మీద గొంగడోడు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుకుంటూ అలాగే నిలబడిపోయాను. నువ్వు "రాన్రి వదినా, కూసోన్రి" అన్నావు. ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియలేదు.

నీకు అది పోయిన నెల మార్కెట్లోకి వచ్చిన కొత్త వీడియో ఆట. మాకు ఏడో భాగం. మొదటిది నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఉప్పల్ బస్టాండు దగ్గర అద్దెకిచ్చే షాపు నుంచి మహి తెచ్చాడు. క్యాసెట్ నిండా జపాను అక్షరాలే. ఒక్క ముక్క అర్థం కాలేదు కనుక అన్నిటికీ మేమే పేర్లు పెట్టుకున్నాం. ఆట పేరు కోటల ఆట. గొర్రెతోలు కప్పుకుని తిరిగే ఆ వీరుడు గొంగడోడు. గొలుసు చివర కొక్కెం ఉండి దూరానికి విసిరే ఆ పరికరం గాలం. గాలం లేని భాగం ఇంతవరకు రాలేదు. కానీ ప్రతి భాగంలోనూ గొంగడోడు ఖాళీ చేతులతోనే మొదలవుతాడు. కిందటిసారి అంత కష్టపడి సంపాదించిన గాలం ఏమైందో ఎవరూ చెప్పరు. మళ్లీ ఏదో ఒక కోటలో వెతికి తెచ్చుకోవాలి. అన్ని భాగాల్లోనూ దానికి ఒకటే నియమం. గాలానికి తగిలింది తేలికదైతే అది నీ దగ్గరికొస్తుంది. బరువైనదైతే నువ్వే దాని దగ్గరికి పోతావు.

రిమోట్లు రెండు ఉండేవి. ఒకదాని వైరు ఎలుక కొరికింది. మిగిలిన ఒక్కదాన్నే ఇద్దరం చెరో పక్క పట్టుకున్నాం. ఎడమ సగం మహిది, నడిపించేది వాడు. కుడి సగం నాది, గాలం వేసేదాన్ని నేను. లోయ అంచున వాడు దూకిస్తాడు. గొంగడోడు గాల్లో ఉండగా ఆ రెప్పపాటులో నేను వేయాలి. తొందరపడితే అందదు, ఆలస్యమైతే పడిపోతాడు. ఆరు భాగాలు ఇలాగే ఆడాం. చేతిలో జీతాలు పడ్డాక కూడా రెండో రిమోట్ కొనుక్కోలేదు.

హిమజా, నిన్న నువ్వు పట్టుకున్న సగం నాది.

రాసి చూసుకుంటే ఎంత చిన్నతనంగా ఉందో. నలభై అయిదేళ్ల మనిషిని, డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. చింపేద్దామని రెండుసార్లు పట్టుకున్నాను. ఈ ఒక్కటి అడగకపోతే మాత్రం నాకు నిద్ర పట్టదు. వాడి కుడిచెయ్యి లేవడం లేదు. ఆ చేతి పని నేను చేసేదాన్నని వాడికి తెలుసు. నన్ను పిలవాలని మీ ఇద్దరిలో ఒక్కరికైనా ఎందుకు తోచలేదు?

మందులు వేళకు వేయి. వేస్తావు, తెలుసు. ఊరికే రాశాను.

గౌతమి


ఉప్పల్,
14 జూన్ 2025

గౌతమి వదినకు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలువెట్టాలంట. క్షేమమో కాదో మీరు వచ్చి సూసిపోయిన్రు, మళ్ల రాసుడెందుకు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి కోపమొచ్చింది. కోపమే ఇంక పోతలేదు.

నేను మీ ఆటను అడగలె వదినా. తారామణి చెప్పింది, "ఆయనకు దిల్ ఉన్న పనిల పెట్టున్రి, అప్పుడే ఒళ్లు మాట ఇంటది" అని. క్యారంబోర్డు పెట్టిన. మొఖం తిప్పుకున్నడు. పేకలు పెట్టిన. గోడ దిక్కు పండుకున్నడు. ఫోన్ల ఈ కొత్త ఆట యాడ్ వస్తే మాత్రం ఆ ఫోను ఇడువలె. గట్ల తెప్పిచ్చిన. ఇప్పటి రిమోటు రెండు ముక్కలుగ ఊడుతది కదా. ఒక ముక్క ఆయన పట్టుకుంటే ఇంకో ముక్క ఎవరు పట్టాలె? మీరు పొద్దుగాల కాలేజీకి పోతరు. నేను మగ్గం ముందల ఇంట్లనే ఉంట. సూది పక్కకు పెట్టి పట్టుకున్న. గంతే అయ్యింది.

మీ సగం మీరు తీస్కోన్రి. నేనేసిన గాలం ఒక్కటి తగుల్తలేదు. మూడో కోటల ఒక పెద్ద లోయ ఉన్నది. పడుడే పడుడు. మీ తమ్ముడు నన్ను ఏమనడు, అనేతందుకు మాటలు రావు కదా. పడ్డప్పుడల్ల టీవీ దిక్కు సూసుకుంట "అక్క" అంటడు. ఆ ఒక్క మాట ఎంత సాఫ్‌గ వస్తదో మీకేం తెలుసు! నా పేరు ఇంక రాలె వదినా. సగం దాక వచ్చి ఆగుతది. ఆయన బాధపడుతడని నేనే "ఆఁ, ఏంది" అని ముందుగాలనే పలుకుత.

పిలవలేదు అన్నరు. పెండ్లైన మొదటి ఐతారం నన్ను మీ నాచారం ఇంటికి తీస్కవచ్చిండు, యాదికుందా? అక్క తమ్ముడు టీవీ ముందల కూసున్నరు. కొత్త కోడలిని, పట్టుచీర కట్టుకోని నేను వంటింట్ల నిలవడ్డ. మీ ఆయన, మురళీధర్ అన్నయ్య, టీ వడగట్టుకుంట "వాళ్లు ఇప్పుడు లేవరమ్మా, మనం తిందాం" అన్నడు. ఈ ఇంట్ల నాకంటె ముందుగాల ఒక జోడి ఉన్నదని ఆ రోజే నాకు సమజైంది. నన్ను అప్పుడు ఎవరు పిలిచిన్రు?

ఇంక పిలుపు సంగతి. మన వాడ బోనాలు జూలై ఇరవైన. ఆడబిడ్డను ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలె, నాకు తెల్సు. ఆయనను ఒక్కన్ని ఇడిసిపెట్టి కదలరాదు. అందుకని కుంకుమ పొట్లం దీంట్లనే పెట్టిన. మీరే పెట్టుకోని రాన్రి.

మీ మరదలు
హిమజ


నాచారం,
19 జూన్ 2025

హిమజ గారికి,

పిలుపు అందింది. తారామణి సంచీలోనే పొట్లం విప్పుకుపోయి కవరంతా ఎర్రబడింది. నేను దాన్ని దిద్దుతున్న పేపర్ల మీద పెట్టాను. ఏ పిల్ల జవాబులో ఏ తప్పుకు ఎర్రగీత గీశానో, ఏది కుంకుమో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

మగ్గం మీద ఆవగింజంత ముత్యాన్ని కదలకుండా కుట్టేదానివి. నీ చేతికి ఒక పొట్లం మడవడం రాదా? వంకర మడత, ఒక మూల నలిగిపోయి, ఒక మూల మూయకుండా. కిరాణాకొట్టువాడు తొందరలో చుట్టి విసిరేసినట్టుంది. అమ్మ ఉన్నన్నాళ్లూ మోకాళ్ల నొప్పులతో కూడా నాచారం దాకా వచ్చి, నన్ను తూర్పుకు తిప్పి కూర్చోబెట్టి బొట్టు పెట్టి పిలిచేది. ఆమె పోయాక నువ్వూ వచ్చేదానివి, కాదనను. ఈ సంవత్సరం కదలలేవు, అదీ ఒప్పుకుంటాను. కానీ రాలేకపోవడం వేరు, ఇలా చుట్టి పంపడం వేరు.

మురళీధర్ "కుంకుమ కుంకుమేనే, పోదాం పట్టు" అన్నారు. ఆయనకు అన్నీ తేలికే. నేను రాను. ఎవరైనా అడిగితే పరీక్షల డ్యూటీ అని చెప్పు.

నీ ఉత్తరంలో ఒక మాట గురించి మాత్రం రాయకుండా ఉండలేను. పడినప్పుడల్లా వాడు "అక్క" అంటున్నాడని చదివి నాకు సంతోషం కలిగింది. ఆ తర్వాతి వాక్యం చదివాను, నీ పేరు ఇంకా రావడం లేదన్నది. అక్కడ నాకు బాధ కలగాలి. ఆగి, కలిగిందా అని చూసుకున్నాను. ముందు సంతోషం చల్లారితే గాని తెలియదనిపించింది. నేను ఇంత చెడ్డదాన్నా, లేక అందరూ ఇంతేనా, ఎవరూ రాసుకోరంతేనా?

గాలం విషయం. అది నేర్పితే వచ్చేది కాదు.

గౌతమి


ఉప్పల్,
24 జూన్ 2025

వదినా,

ఆ పొట్లం మడిచింది మీ తమ్ముడు.

కాయితం ఒళ్లె పెట్టుకోని, ఒక కొస పండ్ల నడుమ పట్టుకోని, ఎడమచేత్తోటి మడిచిండు. మడుస్తడు, జారుతది, మళ్ల మడుస్తడు. కుంకుమ లుంగీ మీద పడ్డది, దుప్పటి మీద పడ్డది. నేను పట్టబోతే నా చెయ్యి తీసి పక్కకు పెట్టిండు. అయినంక మొఖం ఎట్ల ఎలిగిందో! మళ్ల ఆ వంకర సూసుకోని సిగ్గుపడ్డడు. నేను ఉత్తరం రాస్తుంటే పొట్లం సూపెట్టి, తన దిక్కు ఏలు సూపెట్టి, వద్దు అని తలకాయ ఊపిండు. తను మడిచిన్నని రాయొద్దు అని. అందుకే రాయలె. మాట తప్పి ఇప్పుడు రాస్తున్న. మీరే రాయించిన్రు.

మీరు వస్తలేరన్న ముచ్చట తారామణి నోట్లకెల్లి జారింది. అప్పటిసంది మీ తమ్ముడు రిమోటు ముట్టలె. రెండు ముక్కలు దిండు కింద పెట్టిండు. ఆట బందైతే పాయె అనుకున్న. ఎక్సర్‌సైజు గూడ బంద్ వెట్టిండు వదినా. తారామణి కాలు లేపమంటే కండ్లు మూసుకుంటున్నడు. నిన్న ఆమె నన్ను బయటికి పిలిచి చెప్పింది, "కాలు ఇప్పుడిప్పుడే మర్లుతున్నది అక్కా, గిప్పుడు ఇడిసిపెడితే గిట్లనే బిగుసుకపోతది" అని.

మీకు సంతోషమైందా లేదా అని మిమ్మల్ని మీరు తర్వాత అడుక్కోన్రి. ముందు నాకు జవాబు చెప్పున్రి. ఆ లోయ కాడ మీరు ఏం చేస్తుండె? నేర్పితే రానిదైతే మీకెట్ల వచ్చింది? నాకంటె ముందుగాల ఆయనతోటి అన్నేండ్లు ఉన్నరు. అవి నేను యాడికెల్లి తెచ్చుకోవాలె? ఆయన చిన్నప్పుడు ఎట్ల నవ్వేటోడో తెల్వదు, దేనికి భయపడేటోడో తెల్వదు. మీరు చెప్తే తెలుస్తది, లేకుంటే లేదు. మీ ముందట నేను ఎప్పుడు గుమ్మంల ఉన్నట్టే ఉంట.

మీకు ఆ సగం కావాలంటే వచ్చి పట్టుకోన్రి. లేదంటే నాకు సరిగ్గ ఇయ్యున్రి. దగ్గర పెట్టుకోని దాస్తే మాత్రం ఆయనే మునుగుతడు.

హిమజ


నాచారం,
2 జూలై 2025

హిమజా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. ఇన్నాళ్లూ బెట్టు చేశాననుకోకు. నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దాని కోసం వెతికాను.

ముందు నీతో ఒకటి చెప్పాలి. ఆ ఆదివారం మీ ఇంటి నుంచి వచ్చిన మర్నాడే నేనూ ఆ ఆట కొన్నాను. మురళీధర్‌కు కూడా చెప్పకుండా, బట్టల అలమారలో చీరల వెనక పెట్టి. మీకంటే ముందు కోటలన్నీ దాటాలని. రాబోయే కోటల్లో ఏముందో మాటవరసకన్నట్టు మహికి చెప్పి, వాడి మొహం చూడాలని. ఏమయిందో తెలుసా? గాలం మొదటి కోటలోనే ఎలాగో దొరికింది గాని, మీ మూడో కోట లోయ దాకా కూడా పోలేకపోయాను. నా గొంగడోడు తిన్నగా నడవడు. గోడలకు గుద్దుకుంటాడు, మెట్ల మీద నుంచి దొర్లుతాడు. నడిపించే చెయ్యి నాకెప్పుడూ లేదు కదా. ఆరు కోటల ఆటలు ఆడినదాన్ని అనుకుంటూ వచ్చాను. ఆడింది సగమే. ఆ సగం కూడా నాదేనా అని అనుమానం వచ్చింది.

నీ ఉత్తరం చదివాక పొట్లం కాగితం తీసి మళ్లీ చూశాను. ఒక కొసన పంటిగాట్లు ఉన్నాయి. అవి నాకు ముందు ఎందుకు కనబడలేదు? కనబడకూడదని చూశాను కనుక. దాన్ని పారేయలేదు, మిగిలిన కుంకుమతోనే మడిచి ఉంచాను. వాడి మడతల మీదనే మడిచాను, అది కూడా నాకు సరిగ్గా రాలేదు.

సరే, గాలం. గాలం వేసే క్షణం నాకెలా తెలిసేది? తెర చూసి కాదు, తెరలో దూకడం కనబడేసరికి ఆలస్యమైపోతుంది. వాడు చెప్పడం వల్లా కాదు, మేం ఆడేటప్పుడు మాటలుండేవి కాదు, అరిస్తే నాన్న తిట్టేవాడు. చివరికి అలమారలోంచి డబ్బా తీసి మురళీధర్ ముందు పెట్టి నిజం చెప్పాను. "ఎడమ సగం పట్టుకోండి" అన్నాను. "నాకు సైకిల్ నడుపుడే రాదు, వీణ్నేడ నడుపుదు" అంటూనే కూర్చున్నారు. రెండు ముక్కలనూ కలిపి ఒకే రిమోట్ చేశాను, మా రోజుల్లోలాగా. నేల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆయన గొంగడోణ్ని గిరగిరా తిప్పి మొదటి గుంటలోనే పడేశారు. నేను గాలం వేయలేదు. వేయడానికి ఎదురుచూస్తున్నాను. దేనికోసం ఎదురుచూస్తున్నానని చూసుకుంటే, ఎదురుచూస్తున్నది నా కన్ను కాదు, చెవి కాదు. నా ఎడమ మోకాలు.

ఒక్క రిమోట్‌ను ఇద్దరు పట్టుకుంటే మోకాలికి మోకాలు తగలక తప్పదు. దూకే ముందు మహి కుడి మోకాలు నా మోకాలిని నొక్కేది. వాడు కావాలని నొక్కేవాడు కాదు, వాడికి తెలియను కూడా తెలియదు. ఒళ్లంతా బిగించి దూకేవాడు, అది నాకు తగిలేది. నా వేలు కదిలేది. అంతే. అది నా నైపుణ్యం అనుకున్నాను ఇన్నేళ్లు.

నువ్వు వేసిన గాలం తప్పడానికి కారణం ఇప్పుడు నీకర్థమై ఉంటుంది. రిమోట్ రెండు ముక్కలుగా ఊడింది కనుక వాడు మంచం మీద, నువ్వు అవతల కుర్చీలో. మధ్యలో మనిషి నడిచేంత జాగా. ఆ ముక్కలు రెండూ కలుపు. వాడి కుడిపక్కన కూర్చో, మోకాలికి మోకాలు ఆనించి. టీవీ వైపు చూడకు.

ఇది రాయడానికి నాకెంత కష్టమయిందో చెప్పకపోతే అబద్ధం అవుతుంది. ఆ కుడి మోకాలు ఇప్పుడు పడిపోయిన పక్కనే ఉంది. అది నొక్కుతుందో లేదో నాకు తెలియదు. నొక్కకపోతే నువ్వు నన్ను తిడతావు. నొక్కితే, నా జాగాలో నువ్వు కూర్చున్నట్టే. రెండిట్లో ఏది కోరుకోవాలో నాకు తెలుసు. కోరుకుంటున్నాను కూడా. పళ్లు బిగబట్టుకుని.

గౌతమి


ఉప్పల్,
8 జూలై 2025

వదినకు దండాలు,

దిండు కిందికెల్లి రిమోటు తీసి రెండు ముక్కలు కలిపిన. ఆయన సూసిండు గని చెయ్యి చాపలె. అప్పుడు నేను అన్న, "మీ అక్క రాసింది, గిట్ల కూసోమన్నది" అని. అక్క పేరు చెప్పి ఆయనను లేపాల్సి వచ్చింది సూడున్రి, నాకెట్ల ఉంటదో. లేచిండు.

మూడు రోజులు ఏం కాలె. మోకాలు రాయి తీరు ఉన్నది. నేను ఉత్తగ ఆనించి కూసున్న. పడుతున్నం, లేస్తున్నం. తారామణి ఒక మూలకు నిలవడి సూస్తున్నది, టైమైనా పోతలేదు. నాలుగో రోజు సన్నగ, గోడ అవతల ఎవరో తట్టినట్టు, తగిలింది. నేను అనుమానపడేవరకు ఆలస్యమైంది, పడ్డం. మళ్ల ఎక్కినం. మళ్ల తగిలింది. ఈసారి అనుమానం పడలె, ఏసిన.

గొంగడోడు అవతలి ఒడ్డు మీద నిలవడ్డడు వదినా!

తారామణి చప్పట్లు కొట్టుకుంట వచ్చి, టీవీ ముందట అడ్డం నిలవడి, "ఆట గీట తర్వాత, ఆ కాలు మళ్ల నొక్కు అన్నా" అని ఆయన మోకాలు మీద చెయ్యి పెట్టింది. నొక్కిండు. ఆమె చేతిని గూడ నొక్కిండు. ఇప్పుడు రోజు పొద్దుగాల అదే ఎక్సర్‌సైజు.

సంతోషమైంది. ఏడ్పొచ్చింది. కాని మీరు నిజం రాసిన్రు కాబట్టి నేను గూడ నిజమే రాస్త. దాటినంక ఆయన నవ్విండు. ఆ నవ్వు నేను ఎన్నడు సూడలె. పెండ్లి ఫోటోల లేదు, యాడ లేదు. పంటి మీద పన్ను కనవడుకుంట, పోరగాని నవ్వు. అది మీకు తెలిసిన నవ్వు. నేను ఇన్నేండ్లు సంసారం చేసి ఇప్పుడు సూసిన. అప్పుడు మీ మీద ఎంత కుళ్లు పుట్టిందో చెప్తే మీరు ఈ జన్మల మా ఇంటికి రారు.

నా పేరు ఇంక రాలె.

బోనాలకు వస్తరా? బొట్టు పెట్టేతందుకు నేనే వస్త, తారామణిని కాసేపు కూసుండవెట్టి. మీరు ఊ అంటే చాలు.

హిమజ


నాచారం,
12 జూలై 2025

హిమజా,

నువ్వు రావద్దు. వాణ్ని వదిలి కదలకు. మహి మడిచిన పొట్లంలో బొట్టుకు సరిపడా కుంకుమ మిగిలింది. ఆ రోజు పొద్దున్నే మురళీధర్ నన్ను తూర్పుకు తిప్పి కూర్చోబెడతారట. "నీ తమ్ముడు పిలిచిండు, నేను పెడుత, ఇంకేం గావాలె" అంటున్నారు. మగవాళ్లు పెట్టవచ్చో లేదో నాకు తెలియదు. అమ్మ ఉంటే ఏదో ఒకటి చెప్పేది.

నవ్వు గురించి నువ్వు రాసింది చదివి నేను ఒక పని చేయబోయాను. "ఆ నవ్వు నాకు బాగా తెలుసులే" అని రాయబోయాను. రాశాను కూడా, ఆ కాగితం చింపేసి ఇది మొదలుపెట్టాను. ఆలోచిస్తే, ఆ నవ్వు నేనూ ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. వాడు నవ్వేటప్పుడు నేను తెర వైపు చూసేదాన్ని, గాలం పట్టు తప్పకుండా. విన్నానంతే.

వస్తాను, ఒక షరతు మీద. బోనం ఎత్తి వచ్చి, అన్నాలయ్యాక మీరు ఆటకు కూర్చుంటారు కదా. అప్పుడు నేను వంటింట్లో ఉంటాను. నీ పెళ్లయిన మొదటి ఆదివారానికి ఇది బదులు అనుకుంటావేమో. అలా అనుకుంటే బాగుండేది, నాకూ గొప్పగా ఉండేది. కానీ అందుకు కాదు. మీ వెనక కూర్చుంటే నా మోకాలు నా మాట వినదు. అది నాకు తెలుసు. అందుకని గిన్నెలు తోముతాను.

మీ
గౌతమి


ఉప్పల్,
21 జూలై 2025

వదినా,

మీరు ఇయ్యాల కాలేజీకి పోయి ఉంటరు. రాత్రి మీరు ఆటో ఎక్కేటప్పుడు అడగాలనుకున్న, మురళీధర్ అన్నయ్య ఉన్నడని అడగలె. అందుకే మళ్ల కాయితం తీసిన. తారామణి అన్నది, "పండుగ అయిపోయె, కలిసి తిన్నరు, ఇంక నా పోస్టాఫీసు మూస్తరనుకున్న" అని.

మీరు వంటింట్ల ఉన్నరు. నల్లా నడుస్తున్నది, గిన్నెల సప్పుడు. మేము అయిదో కోటల ఉన్నం. గుండ్రని బురుజులు, నడుమ కింద మంట, ఆ మొదటి లోయకు తాత లాంటిది. ఆయన పక్కన నేను, మోకాలికి మోకాలు, మీరు రాసిచ్చినట్టే. బోనం ఎత్తిన మెడ గుంజుతున్నా కదలలె. నేను ఇంక నొక్కు కోసం సూస్తున్న. నొక్కు రాలె.

అప్పుడు మీరు వంటింట్లకెల్లి "వెయ్యి!" అని అరిచిన్రు.

నా ఏలు నన్ను అడగకుండనే కదిలింది. ఆ తర్వాత, అగో, మీ మాట ముగిసినంక, ఆయన మోకాలు నన్ను నొక్కింది. గాలం పోయి బురుజుకు తగిలింది. గొంగడోడు దాటిండు.

ఎట్ల తెలిసింది వదినా? మీకు తెర కనవడదు. ఆయన మోకాలు మీకు గోడ అవతల ఉన్నది. నల్లా నడుస్తున్నది. మోకాలు అని రాసిన్రు, అంతకంటె ఏం లేదు అని రాసిన్రు. నేను నమ్మిన. ఇప్పుడు నేను ఆనుకోని కూసున్నగూడ, నాకంటె ముందుగాల గోడ అవతల మీకు తెలిసింది. మీరు అరిచి మళ్ల గిన్నె తోముకుంట ఊకున్నరు, ఏం కానట్టు. మీరు అరిచింది మీకు గూడ తెలుసో లేదో అని నాకు అనుమానం. తెలిస్తే కోపం చేస్త. తెలువకుంటే మస్తు ఏడుస్త.

అసలు సంగతి ఇంక చెప్పలె. మీరు అరిచినంక మీ తమ్ముడు రిమోటు ఒళ్లె పెట్టిండు. వంటింటి దిక్కు సూసిండు. నా దిక్కు సూసిండు. పెదవులు కూడగట్టుకున్నడు. నేను ఎప్పటిలెక్క "ఆఁ, ఏంది" అనబోతే, ఎడమచెయ్యి లేపి ఆగుమని సైగ చేసిండు. గప్పుడు "హిమజా" అన్నడు.

మొత్తం. నడుమల ఆగకుండ.

నేను నోట్ల చెంగు కుక్కుకున్న, మీకు ఇనవడొద్దని. మీకు ఇనవడొద్దని ఎందుకు అనుకున్ననో మీకు సమజైతది, మీకే సమజైతది. అది జరసేపు నాకొక్కదానికే ఉండాలనిపిచ్చింది. రాత్రంత అట్లనే దాసుకున్న. ఇప్పుడు ఇస్తున్న.

నా పేరు తర్వాత ఇంకో మాట గూడ అన్నడు. "తలుపు" అన్నడు.

వంటింటి తలుపు సగం తీసి ఉండె. మూయమన్నడా, మొత్తం తెరువమన్నడా? మీరు అరువకుండ మేమిద్దరమే ఆడుకోవాలన్నడా, అక్కను లోపటికి పిలువమన్నడా? అడిగితే తలకాయ ఊపి చెప్తుండె కావచ్చు. నేను అడగలె. ఏం చెప్తడో అని భయమైంది. మీరైతే అడిగేటోళ్లా? నిజం చెప్పున్రి.

వచ్చే ఐతారం రాన్రి. మీరు ముందటనే నిలవడుదురు, అప్పుడు ఆయననే అడుగుదాం. అప్పటిదాక ఆ తలుపు నేను ముట్ట, సగం తీసే ఉంచుత.

మీ
హిమజ